నాగకన్య నడుముకి వడ్డాణం ఎందుకు తీసేశానంటే

నేను బొమ్మలు వేసిన గేమ్ పేరు ఇక్కడ రాయలేను. కాంట్రాక్ట్ ఒప్పుకోదు, మా అమ్మ అసలే ఒప్పుకోదు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకి మాత్రమే అమ్మే ఫాంటసీ గేమ్ అది. సగం మనిషి, సగం జంతువుగా ఉండే ఆడవాళ్ళు అందులో పాత్రలు. గేములాడేవాళ్ళు వీళ్ళని మాన్‌స్టర్ గర్ల్స్ అంటారు. తెలుగులో రాక్షసి అంటే ఆ అర్థం రాదు. నాగకన్యని ఎవరైనా రాక్షసి అంటారా?

మా ఇల్లు శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో. బీటెక్ అయ్యాక రెండేళ్ళు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, మానేసి ఇంటికొచ్చేశాను. అప్పటినుంచీ పెన్ టాబ్లెట్ మీద బొమ్మలు వేసి బతుకుతున్నాను. ఎక్కువగా పిల్లల పుస్తకాలకి, యూట్యూబ్ చానళ్ళకి. సంబంధాలు చూసేవాళ్ళు "అమ్మాయి ఏం చేస్తుందండీ?" అంటే అమ్మ "కంప్యూటర్లో బొమ్మలేస్తుంది" అంటుంది. "యానిమేషనా?" అంటారు వాళ్ళు. "ఆ, అలాంటిదే" అని కాఫీ తేవడానికి లేచిపోతుంది.

2024 దీపావళికి కొంచెం ముందు ఒక మెయిల్ వచ్చింది. నలుగురే ఉన్న విదేశీ బృందం. నేను ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక గండభేరుండం బొమ్మ చూశారట. "మీరు రెక్కలు తెలిసి వేస్తున్నారు, మా గేమ్‌కి వేస్తారా?" అని అడిగారు. గేమ్ ఎలాంటిదో మొదటి మెయిల్లోనే దాచకుండా చెప్పేశారు. అది నాకు నచ్చింది. అంతకుముందు ఒక క్లయింట్ పిల్లల కథ అని మొదలుపెట్టించి, మూడో వారంలో చీర లేకుండా వెయ్యమన్న అనుభవం నాకుంది.

మా గేమ్ విజువల్ నావల్ అనే రకం. అది చూడనివాళ్ళ కోసం చెప్తాను. వెనక ఒక దృశ్యం, ముందు ఒక పాత్ర నిలబడి ఉంటుంది, కింద డబ్బాలో మాటలు వస్తుంటాయి. మధ్యమధ్యలో "ఏం చేస్తావు?" అని రెండు మూడు దారులు చూపిస్తుంది, మనం ఎంచుకున్నదాన్ని బట్టి కథ మారుతుంది. మా దాంట్లో వీటికి తోడు పోరాటాలు, ఆయుధాలు, లెవెల్స్ ఉన్నాయి. వాళ్ళు వాడేది రెన్‌పై అనే ఉచిత ఇంజిన్, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్, 2004 నుంచీ ఉంది. జపనీస్‌లో ప్రేమని 'రెన్‌ఐ' అంటారట, దానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పేరుని అతికించి ఆ పేరు పెట్టారు. పేరులోనే ప్రేమ ఉన్నా, నా పని మాత్రం ఆర్టీసీ టైమ్ టేబుల్‌లా ఉండేది. ఆరు పాత్రలు, ఒక్కోదానికి రెండు వేషాలు, తొమ్మిది ముఖకవళికలు. కనుబొమలు, కళ్ళు, నోరు అన్నీ విడివిడి లేయర్లు. కోపం కనుబొమకి నవ్వే నోరు తగిలించినా అతికినట్టుండాలి.

ఒప్పుకునే ముందు ఒక పని చేశాను. నాన్న స్నేహితుల్లో ఒక వకీలుగారు ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్ళి "ఫ్రెండ్‌కి ఇలాంటి పని వచ్చిందంట అంకుల్" అని మొదలుపెట్టాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి ఐటీ చట్టం తీశారు. 67వ సెక్షన్ అశ్లీలం గురించి, మొదటిసారికి మూడేళ్ళ వరకూ జైలు, ఐదు లక్షల వరకూ జరిమానా. 67ఎ ఇంకా ముదురు విషయం, ఐదేళ్ళు, పది లక్షలు. ప్రచురించడమే కాదు, ఎలక్ట్రానిక్‌గా పంపడం కూడా అందులో ఉంది. "మీ ఫ్రెండ్‌ని బట్టలున్న బొమ్మలకే పరిమితం అవ్వమనమ్మా" అన్నారు. వీధి గేటు దాకా వచ్చి "మీ ఫ్రెండ్ బొమ్మలు బాగా వేస్తుందట కదా" అని కూడా అన్నారు.

ఆ సాయంత్రమే మెయిల్ రాశాను. నిలబడే బొమ్మలు, పోరాటం బొమ్మలు, మామూలు సన్నివేశాలు నావి. మిగతావి మీ దేశంలో ఎవరిచేతనైనా వేయించుకోండి అన్నాను. సరే అన్నారు. ఇంకో షరతు కూడా పెట్టాను. పాత్ర వయసు పాతిక అని కాగితం మీద రాస్తే చాలదు, బొమ్మ చూడగానే పెద్దమనిషిలా ఉండాలి, లేకపోతే ముట్టుకోను. ఆరింటిలో ఒక గాబ్లిన్ (మరుగుజ్జు భూతం) పాత్ర స్కెచ్ చూడగానే పెద్దమనిషిలా అనిపించలేదు. వేయనన్నాను. వాళ్ళు ఏమీ వాదించకుండా దాన్ని తీసేసి, నలభై దాటిన ఒక మినటార్ (సగం మనిషి, సగం ఎద్దు) దుకాణదారుని పెట్టారు. గేమ్ మొత్తంలో నాకు ఇష్టమైన పాత్ర ఆవిడే. కొమ్ములకి ధరల చీటీలు వేలాడుతుంటాయి.

మొదటి పాత్ర లామియా. గ్రీకు కథల్లోది, వాటిలో ఆమె లిబియా రాణి. నడుము కింద పాము అనేది తర్వాత వచ్చి చేరిన రూపం. మనకి కొత్తేం కాదు కదా, నాగకన్యే కదా అని ధీమాగా కూర్చున్నాను. మనిషి నడుము వేశాను, కింద పాము వేశాను, రెండూ కలిసేచోట ఒక బంగారు వడ్డాణం పెట్టాను. అందంగా ఉంది. పంపించాను.

జవాబు రెండు లైన్లు. "వడ్డాణం చాలా బాగుంది. అది తీసేసి పంపండి."

దొరికిపోయాను. అక్కడ చర్మం పొలుసుగా ఎలా మారుతుందో నాకు తెలియదు, అందుకే నగతో కప్పేశాను. మన క్యాలెండర్ బొమ్మల్లో కూడా చాలాచోట్ల ఆ చోటికే వడ్డాణమో, కుచ్చిళ్ళో వచ్చి పడతాయి. ఆ రోజు తర్వాత ఎక్కడ నాగకన్య బొమ్మ కనిపించినా ముందు నడుమే చూస్తున్నాను.

పాముని అంతకుముందు ఎప్పుడూ సరిగా చూడలేదని అప్పుడే తెలిసింది. పాములు పట్టేవాళ్ళ వీడియోలు ఆపి ఆపి చూశాను. వీపు మీద పొలుసులు చిన్నవి, వాలుగా వరసలు కట్టి ఉంటాయి. పొట్ట కింద అలా కాదు, ఈ చివరనుంచి ఆ చివరకి ఒక్కటే వెడల్పాటి పట్టీ, దాని కింద ఇంకోటి, నిచ్చెన మెట్లలాగ. నేనేమో చుట్టూ ఒకటే రకం వేసి పారేశాను. అది పాము కాదు, చేప. మళ్ళీ వేశాను. తుంటి దగ్గర అక్కడొకటి ఇక్కడొకటి పుట్టుమచ్చల్లా మొదలై, కిందకి దిగేకొద్దీ దగ్గరపడుతూ, తొడలుండాల్సిన చోటుకి పూర్తిగా కమ్ముకునేలా. ముందువైపు బొడ్డుకి నాలుగు వేళ్ళ కింద మొదటి పట్టీ. ఆ నాలుగు వేళ్ళ మేర కోసం పదకొండు రోజులు పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాగుల చవితి. అమ్మ పుట్టలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి ప్రసాదం ఇవ్వడానికి గదిలోకి వచ్చేసరికి స్క్రీన్ నిండా నాగకన్య. దాచే టైమ్ లేదు. అమ్మ చాలాసేపు చూసింది. నా గుండె గొంతులోకొచ్చింది.

"నాగదేవతేనా?"

"అలాంటిదే."

"మరి పైట ఏదే? చవితి పూటా!" అంది. ప్రసాదం టేబుల్ మీద పెట్టి, వెళ్తూ వెళ్తూ తిరిగి చూసి, "పొలుసులు మాత్రం నిజం పాముకున్నట్టే ఉన్నాయి" అంది. ఆ వేషానికి పైట వేశాను. క్లయింట్‌కి అది కొత్త ఫ్యాషన్‌లా కనిపించి, రెండో వేషానికి కూడా వెయ్యమన్నారు.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది తోక. అంత పొడుగు తోక చుట్టలు చుట్టి, ఒక్కో పొలుసుకీ వెలుగు నీడలు పెట్టి వేస్తే, గేమ్‌లోకి ఎక్కించాక మాటల డబ్బా కిందనుంచి వచ్చి మొత్తం కప్పేసింది! స్క్రీన్‌లో కింది భాగం ఎప్పుడూ డబ్బాదే అని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత ఆ తోక కొసని తీసి భుజం పక్కనుంచి పైకి తెచ్చాను. కోపం వస్తే కొస బిగుస్తుంది, సిగ్గేస్తే మెలిక పడుతుంది. ముఖకవళిక తోకకి కూడా వచ్చిందని వాళ్ళు సంబరపడ్డారు. నాకైతే దండగైన పని నాలుగో వంతైనా గిట్టుబాటైందనిపించింది.

రెండోది హార్పీ. చేతుల స్థానంలో రెక్కలు, మోకాళ్ళ కింద పక్షి కాళ్ళు. గండభేరుండం వేసినదాన్ని కదా, ఇదెంత అనుకున్నాను. కానీ గండభేరుండం ఎగరదు, కూర్చోదు, ఎవరితోనూ మాట్లాడదు. జనవరిలో పొద్దున్నే బస్సెక్కి టెక్కలి, అక్కడినుంచి ఆటోలో తేలినీలాపురం వెళ్ళాను. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా వచ్చి ఆ ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కడతాయి. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌కి వెళ్ళాను గానీ, అప్పుడు చూసింది పులిహోర పొట్లమే.

గూడబాతు కొమ్మ మీద దిగేటప్పుడు చూడాలి. అంత బరువైన పక్షి గాల్లో ఒక్క క్షణం నిలబడిపోతుంది. రెక్క మధ్యలో మోచెయ్యి మడత, ఆ పైన మణికట్టు మడత, చివరి ఈకలు వేళ్ళు చాపినట్టు విడివిడిగా విచ్చుకుంటాయి. నేను వేసిన రెక్కలో మణికట్టే లేదు. కాళ్ళ సంగతీ అంతే. పక్షికి మోకాలు వెనక్కి వంగుతుందనుకుంటాం కదా, అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది. చెట్టు కింద కూర్చుని స్కెచ్‌బుక్‌లో ముప్పై పేజీలు నింపాను. తల మీద రెట్ట పడింది. టీ కొట్టు దగ్గర ఒక ముసలాయన చూసి నవ్వాడు. "అవి మా ఊరికి పురిటికొచ్చిన ఆడపిల్లలమ్మా, ఏటీ అనకూడదు" అన్నాడు. ఆ మాట అలాగే ఇంగ్లిష్‌లో క్లయింట్‌కి రాసి పంపాను. వాళ్ళ రచయిత హార్పీల ఊరి కథంతా మార్చేశాడు. ముందు అది దోపిడీ గుంపు, గ్రీకు కథలో హార్పీలు తిండి ఎత్తుకుపోయేవి కాబట్టి. ఇప్పుడు ఏడాదికోసారి కానుపుకోసం వచ్చే ఆడవాళ్ళ ఊరు.

అసలు గొడవ టీ కప్పు దగ్గర వచ్చింది. స్క్రిప్ట్‌లో "ఆమె అతనికి కప్పు అందిస్తుంది" అని ఉంది. ఏ చేత్తో? చేతుల్లేవు కదా అన్నాను. మీటింగ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన "కాలితో ఇస్తుంది, పక్షులు కాలితోనే కదా పట్టుకుంటాయి" అన్నాడు. శరీరం లెక్కన అదే సరైంది. కానీ నా చెయ్యి కదల్లేదు. ఇంటికొచ్చినవాళ్ళకి కాలితో కప్పు ఇవ్వడమా? మా ఇంట్లో కాలు పొరపాటున పుస్తకానికి తగిలినా కళ్ళకి అద్దుకుంటాం. అదే చెప్పాను, నవ్వుతారేమో అనుకుంటూనే. నవ్వలేదు. దాన్ని గేమ్‌లోనే పెట్టేశారు. ఆమె కాలితో కప్పు చాపుతుంది, నీకు మూడు దారులు: తీసుకో, వద్దను, ఆమె దగ్గరికి వెళ్ళి కింద కూర్చుని రెండు చేతులతో అందుకో. మూడోది ఎంచుకుంటే ఆమె కథ తెరుచుకుంటుంది. పెద్దల గేమ్ అంటే ఇంకేదో అనుకుని వచ్చేవాళ్ళు ఆ సీన్ దగ్గర ఆగుతారో లేదో గానీ, నేను మాత్రం ఆ మూడు బొమ్మలూ మనసుపెట్టి వేశాను.

సాలీడు మనిషికి పొందూరు వెళ్ళాను. గ్రీకు కథలో అరాక్నీ నేతగత్తె. ఎథీనాతోనే నేతలో పోటీకి దిగి, చివరికి సాలీడైపోతుంది. నేత అనగానే నాకు పొందూరు పెద్దమ్మ గుర్తొచ్చింది. డెబ్బై దాటినా ఇప్పటికీ రాట్నం మీద సన్న నూలు తీస్తుంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని పళ్ళు ఎంత సన్నగా ఉంటాయంటే, గింజ చుట్టూ ఉన్న పీచు దుమ్ము వదిలి పట్టుదారంలా నిలబడుతుంది. పెద్దమ్మ దువ్వుతుంటే ఎదురుగా కూర్చుని వేళ్ళే గీశాను. ఎముకని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, తమలపాకు పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకుంటుంది.

స్కెచ్ చూపిస్తే అడ్డంగా తల ఊపింది. "ఏటే, ఎనిమిది కాళ్ళిచ్చీసి పనంతా రెండు చేతుల్తోనే చేయిస్తన్నావు? మిగతావి ఖాళీయేనా?"

అంతే, బొమ్మంతా మళ్ళీ వేశాను. ముందు కాళ్ళు రెండు పత్తిని పట్టుకుంటాయి, చేతిలో చేప దవడ, వెనక కాలు ఒకటి రాట్నం తిప్పుతుంది. కూర్చునే ఉన్నా ఏదో ఒక కాలు పనిలో ఉంటుంది. ఆ పాత్ర మాట్లాడేటప్పుడు కూడా ఊరికే ఉండదు. క్లయింట్ "చేతిలో ఉన్నది ఏంటి, ఆయుధమా?" అని అడిగితే ఫొటో పంపాను. ఆటలో దానికి ఆయుధంగా కాకుండా పనిముట్టుగానే చోటిచ్చారు. కాలితో రాట్నం తిప్పడం పెద్దమ్మకి ఏమనిపిస్తుందో అని భయపడ్డాను గానీ, సాలీడుకి ఏది కాలో ఏది చెయ్యో ఎవరికి తెలుసు అని ఆవిడే తేల్చేసింది.

స్లైమ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, ఒళ్ళంతా జెల్లీ. మే నెలలో తాటి ముంజని కిటికీ ముందు పెట్టుకుని వేశాను. అంచు మెరుస్తూ, లోపల మబ్బుగా, నడిమధ్య నీళ్ళు కదులుతూ. ఒకటే తలనొప్పి: ఒంటిని పారదర్శకం చేస్తే, నోరు, కళ్ళ లేయర్లు దాని మీద పడ్డచోటల్లా ముదురు మచ్చలు వచ్చాయి. ప్రోగ్రామర్ రెన్‌పైలో ఫ్లాటెన్ అనేదాన్ని వాడి, ముందు అన్నిటినీ ఒక బొమ్మగా కలిపేసి ఆ తర్వాత పారదర్శకం చేశాడు. మచ్చలు పోయాయి. ముంజలు నేను, తమ్ముడు తినేశాం.

జులైలో దెబ్బ తగిలింది. 2025 జులై అంటే ఈ రంగంలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని ఒక ఉద్యమ సంస్థ కార్డుల కంపెనీలకి, పేమెంట్ కంపెనీలకి లేఖలు రాయించింది. వాళ్ళు గేములమ్మే సైట్ల మీద ఒత్తిడి పెట్టారు. సైట్లు గబగబా రూల్స్ మార్చాయి. మా బృందం పేజీ పెట్టిన స్టోర్‌లో పెద్దల గేములన్నీ రాత్రికి రాత్రి వెతికితే కనబడకుండా పోయాయి. ఫలానా తప్పు చేశారని కాదు, అందరినీ ఒకే గాటన కట్టేశారు. నా చివరి వాయిదా డబ్బు విడుదలకి ముడిపెట్టి ఉంది. విడుదల ఎప్పుడో వాళ్ళకే తెలియదు. నిజంగా చెత్త గేములున్నాయి, వాటిని తీసేస్తే ఏడ్చేవాళ్ళలో నేను లేను. కానీ టీ కప్పు సీన్ రాసినవాడికీ ఆ చెత్తకీ తేడా చూడకపోతే ఎలా? రోజూ పొద్దున్నే ఫోన్ తీసి మెయిల్ చూసుకోవడం, పెట్టేయడం. అమ్మకి టెన్షన్ తెలిసిపోయింది. "జీతం ఆపేశారా?" అంది. "ఆగింది" అన్నాను. "పైట వేసినా?" అంది.

సెప్టెంబర్లో వేరే స్టోర్‌లో విడుదలైంది, కొన్ని సన్నివేశాలు తీసేసి. నావి ఒక్కటీ తియ్యలేదు. అక్టోబర్ మొదట్లో డబ్బు వచ్చింది. ఇంటికి ఇన్వర్టర్ కొన్నాను, ఎందుకంటే వేసవంతా కరెంట్ పోయినప్పుడల్లా సేవ్ చెయ్యని పొలుసులు పోయేవి.

ఆఖర్న వచ్చే పేర్లలో నాది మారుపేరే. మన ఇంటిపేరు వేశారా అని అమ్మ అడిగింది. లేదన్నాను. "హమ్మయ్య" అంది, ఒక నిమిషం ఆగి "అసలెక్కడా లేదా?" అంది. కృతజ్ఞతల వరసలో రెండు ఊళ్ళ పేర్లు చూపించాను. పొందూరు సరిగ్గానే పడింది. తేలినీలాపురంలో మాత్రం రెండు అక్షరాలు ఎగిరిపోయాయి. ఆ రాత్రే మెయిల్ పెట్టాను. గేమ్‌కి తప్పులు దిద్ది పంపే రెండో ప్యాచ్‌లో సరిచేశారు.